వదులు పట్టు

చంపావతి ఎండిపోయిన చోట,
నెల్లిమర్ల మిల్లు గొట్టం కనిపించేంత దూరంలో
గోనె పరిచి మూడు గాలితుపాకులు పడుకోబెట్టాడు సూరప్పడు.
"ఒక్కటే కొంతావు గదా తవిటమ్మా,
మూడూ పేల్చి సూసుకో. తరవాత నన్ను తిట్టకు."

రామతీర్థం జాతరకి పదకొండు రోజులుంది.
బుడగల బల్ల మీది పాతదానికి వాషరు అరిగి
గుండు దగ్గినట్టు బయటికొస్తోంది.

మొదటిది టేకు దిమ్మ.
తడిసిన బియ్యం బస్తా మూల పట్టి లేపినట్టే.
గొట్టం మడిచి స్ప్రింగు ఎక్కించాలంటే
మోకాలు కూడా సాయం రావాలి.
పేలాక మాత్రం ఉలకదు.
ముప్పై అడుగుల్లో ఐదు గుళ్ళూ
ఒక్క చింతగింజ కింద దాక్కున్నాయి.
మంచిదే. పదేళ్ళ గుంట దీన్ని భుజానికెత్తగలదా?

రెండోది నల్ల ప్లాస్టిక్కు, పేలాల మూటంత తేలిక.
ట్రిగ్గరు తుప్పు గొళ్ళెం,
లాగీ లాగీ వేలికి విసుగొచ్చాక ఎప్పుడో పేలింది.
అట్ట మీద గుళ్ళు
గద్దనీడకి చెదిరిన కోడిపిల్లలు.

మూడోదీ తేలికే. పొట్టి గొట్టం,
చెంపకి సరిగ్గా ఆనే చెక్క.
మనసు పడ్డాను.
పిడికిలి బిగించి, ఊపిరి బిగించి, పేల్చాను.
ఒకటి పైకి, ఒకటి పక్కకి,
ఒకటి అట్టకే తగల్లేదు.

సూరప్పడు నోట్లోంచి బీడీ తీశాడు.
"దాని జుత్తట్టుకున్నావేటి?
లోపల స్ప్రింగు ముందు యెనక్కి తంతాది, మళ్ళీ ముందుకి.
అప్పటికింకా గుండు గొట్టంలోనే ఉంతాది.
బరువుదైతే ఓర్చుకుంతాది.
ఇది నీ చెయ్యెలగుంటే అలగెల్తాది.
అరచేతిలో ఊరికే పడుకోనీ. తన్నితే తన్ననీ."

ఊరికే పడుకోనీ.

నాకు ముందు ముగ్గురు.
అమ్మ గట్టిగా పట్టుకున్న ముగ్గురూ పురిటిగది దాటలేదట.
నన్ను పక్కింటావిడకి చేటెడు తవుడుకి ఇచ్చేసి
నాది కాదు, నాది కాదని వీధికి వినపడేలా చెప్పి
పాలు పట్టడానికి మాత్రం తెచ్చుకునేది.
తవుడు పేరే ఉండిపోయింది.

వేళ్ళు తెరిచాను.
ఎడమ అరచేతి మీద తుపాకీ,
నాది కానట్టు.
తన్నింది. తన్ననిచ్చాను.
ఐదు గుళ్ళు, రూపాయి బిళ్ళ లోపలే.
టేకుదాని చింతగింజ కాదు. బుడగకి చాలు.

మా ఆయన బతికుండగా, జాతర ముందు రాత్రి
పటకారుతో గురిముక్కుని రవ్వంత వంచేవాడు.
"దీనికి వంచక్కర్లేదు," అన్నాను.
సూరప్పడు నవ్వాడు.
గిరాకీ అంతా బిగించే పడతారని అతనికీ తెలుసు.

పద్దెనిమిది వందల దగ్గర బేరం తెగింది,
గుళ్ళ డబ్బా ఒకటి ఊరికే.
మూడోసారి కూడా కొంగు ముడి విప్పించి
పది రూపాయలు తెచ్చే గుంట ఎవరన్నా వస్తే
చెవిలో చెప్పాలా, వద్దా?
చెబితే నష్టమే.

ఆటోలో సీటు చివర కూర్చున్నాను, తుపాకీ ఒళ్ళో.
గతుకు వచ్చినప్పుడల్లా
చెయ్యి దానివైపు పోయి
ఆగింది.