పది డిగ్రీల ముందు

ఆదివారం పొద్దున్న, మల్కాపురం.
నీళ్ల ట్యాంకరు ఇంకా రాలేదు.
బిందెల వరసకీ ప్రహరీకీ మధ్య
పద్మినిని ఇరికించి బానెట్ ఎత్తాను.

డ్రైవింగ్ స్కూల్ మూసేసినప్పుడు
నాలుగు నెలల జీతం బదులు చేతికొచ్చిన బండి.
వెనకద్దం మీది ఎర్ర ఎల్ అక్షరం గీకినా పోలేదు,
ఎడమ సీటు ముందు రెండో బ్రేకూ, రెండో క్లచ్చూ పోలేదు.
పదకొండేళ్లు నేను కూర్చున్నది ఆ సీట్లోనే,
ఎవరెవరి భయాలమీదో కాలు ఆనించుకుని.

పైడయ్య మావ స్టూలు తెచ్చుకున్నాడు.
షిప్‌యార్డులో ముప్ఫైమూడేళ్ల సుత్తిమోత
ఆయన చెవులు రెండూ తినేసింది.
ఆయనతో మాట్లాడాలంటే పెదాలు నెమ్మదిగా కదపాలి.
"డిస్ట్రిబ్యూటర్ మూత తియ్యే!" అన్నాడు,
సగం వీధికి వినపడేలా.

మూత లోపల ఉప్పుగాలి
నాకంటే ముందే వచ్చి కూర్చుంది.
మొనలమీద చిలుము, అంచులమ్మట రిఫైనరీ మసి.
ఈ ఊళ్లో ఏ లోహాన్నీ ఒంటరిగా ఉండనివ్వరు.
పాయింట్లని గరుకు కాగితంతో రుద్ది
మధ్యలోకి ఫీలర్ గేజీ రేకు దూర్చాను.
కుచ్చిళ్లలోంచి పిన్నీసు లాగినట్టు రావాలి,
పట్టుకోకూడదు, జారిపోనూ కూడదు.

పుల్లీ మీద గీతకి సుద్దముక్క రాశాను.
నాలుగో గేరులో వేసి, బండిని జానెడు, బెత్తెడు, అంగుళం తోసి
గీతని గుర్తు ఎదట నిలబెట్టాం:
పిస్టన్ కొసకెక్కడానికి పది డిగ్రీల ముందు.

"ముందెందుకు మావా?"
వెలిగించని బీడీ చెవిమీద సర్దుకున్నాడు.
"నిప్పుక్కూడా టైం గావాల గదే.
అగ్గిపుల్ల గీయగానే పొయ్యి మండిపోద్దేటి?
మీదకెక్కీసినాక అంటిస్తే ఏడుస్తాది.
మరీ బేగి అంటించీసినావా, కొడతాది."

స్కూటర్ ఇండికేటర్ బల్బు పీకి రెండు తీగలు చుట్టాను,
ఒకటి కాయిల్ నుంచొచ్చే తీగకి, ఒకటి బాడీకి.
తాళం తిప్పాను. బల్బులో చీకటి.
క్లాంపు బోల్టు సడలించి
రెండు చేతులా డిస్ట్రిబ్యూటర్ని తిప్పాను,
నిద్రపోయే పిల్లాడి తల దిండుమీదకి జరిపినట్టు.
వెంట్రుకవాసి.
ఇంకో వెంట్రుకవాసి.
వెలిగింది!
పాయింట్లు కలిసున్నంతసేపూ చీకటి,
విడిపోయిన క్షణాన వెలుగు.
ఇందులో ఏదైనా నీతి ఉందేమోనని ఆలోచించేలోగా
మావ అరిచాడు: "సూస్తావేటి, బిగించీ!"

యారాడ ఘాట్ ఎక్కిస్తేగానీ తెలీదు.
మూడో గేరు. నా చెవులు రెండూ బానెట్ కిందే.
ఆయన నా పాత సీట్లో చెప్పులు విడిచి
రెండో క్లచ్ మీద అరికాలు ఆనించాడు.
నొక్కలేదు. కళ్లు మూసుకున్నాడు.
రెండో మలుపులో అన్నాడు, "కొడతంది."
నాకేం వినపడలేదు.
లేదు మావా అన్నాను, మూసిన కళ్లతో.
మూసినవి ఆయనవి. నా పెదాలు వృథాగా కదిలాయి.
నాలుగో మలుపు, రోడ్డు నిలబడినట్టుండే చోట,
గాజుసీసాలో గులకరాళ్లు కదిలినట్టు
సన్నగా వచ్చింది చప్పుడు.
ఆయన అరికాలి నుంచి నా చెవిదాకా
రెండు మలుపుల దూరం.

పక్కకి ఆపి, చేతికి గుడ్డ చుట్టుకుని
రోటరు తిరిగే వైపుకే ఆవగింజంత జరిపాను.
మళ్లీ కిందికి, మళ్లీ పైకి.
ఈసారి ఆయన కాలు పెడల్ మీద పడుకుని ఉంది,
ఎండలో పిల్లిలా.

పైనుంచి లంగరేసిన ఓడలు కనిపించాయి.
"ఆ ఎర్రది నా సేతిదే," అన్నాడు.
ఎర్రవి రెండున్నాయి. ఏదని అడగలేదు.

ఇంటికొచ్చేసరికి ట్యాంకరు వచ్చి వెళ్లిపోయింది.
ఎవరో మా బిందెలు కూడా నింపి పెట్టారు.
బల్బు మాత్రం కుర్తా జేబులోనే ఉండిపోయింది.
మూడు రోజులు స్కూటర్ మీద
చెయ్యి చాపి మరీ ఎడమకి తిరిగాను,
స్కూల్లో మొదటిరోజు పిల్లలకి నేర్పినట్టు.