వెనక సీటు

ఈ దారిలో కార్లు రావు.
అరవై ఏళ్ల కిందట పట్టాలు పీకేశారు.
స్లీపర్లు రైతులు కొనుక్కుని గొర్రెల దొడ్లకి దడి కట్టుకున్నారు.
మిగిలింది కంకర, కంకర మీద మన్ను,
మన్ను మీద ఇవాళ
మా ఇద్దరి సైకిలు.

ముందు సీటు నాది. చూడటం నా పని.
వెనక సీటు హెడ్లీది.
డెబ్బై తొమ్మిదేళ్ల మోకాళ్లు,
కిర్రుమంటాయి గానీ ఆగవు.
కళ్లే, ఎప్పుడో పదేళ్ల నాడు,
సాయంకాలం దుకాణం కట్టేసినట్టు
ఒక్కో తలుపే వేసుకున్నాయి.

మే నెల. శనివారం.
రాత్రి వాన ఇంకా కొమ్మల మీంచి
వాయిదాల మీద దిగుతోంది.
నేను చెబుతుంటాను:
ఎడంపక్క కంచె నిండా తెల్లపూలు,
కుడిపక్క గొర్రెలు, అందులో ఒకటి మనకేసే చూస్తోంది.
"గొర్రెలు నాకు కొత్తా! వంతెన కనపడిందా, అది చెప్పు."
లేదన్నాను.
"వస్తుంది. గాలి చల్లబడింది."
మలుపు తిరిగామో లేదో
నాచు పట్టిన రాతి వంపు మా తలల మీదికొచ్చింది.

పదహారేళ్లప్పుడు ఇదే గాడిలో
ఇంజను నోట్లోకి బొగ్గు విసిరాడట,
లైను మూసేదాకా, రెండేళ్లు.
"రైలుకి ఎత్తు గిట్టదు తల్లీ.
కొండ అడ్డొస్తే కోస్తుంది,
లోయ అడ్డొస్తే పూడుస్తుంది,
వంగమంటే మాత్రం వంగదు."
అందుకే కాబోలు ఇంత సుఖం ఈ తొక్కుడు.
పార పట్టినవాళ్ల నడుములు ఎవరికి గుర్తు?
"ఇప్పుడు ఎక్కుతున్నాం," అంటాడు ఉన్నట్టుండి.
నా కంటికి అంతా చదునే.
ఆయన భుజానికి తెలుసు,
ఇక్కడ రెండు పారలు ఎక్కువ పడేవి.

మోటారుసైకిళ్లు చొరబడకుండా ఇనుప గేటు.
మా పొడుగు బండీ పట్టదు.
ఎత్తి, వంచి, హేండిల్ తిప్పి, తిట్టి,
మళ్లీ ఎత్తి.
కుక్కని తిప్పుతున్న మార్జరీ ప్లాంట్
వెనక చక్రం పట్టింది.
కుక్క హెడ్లీ చెయ్యి నాకి, ఉప్పు బాగుందనుకుందేమో,
మరోసారి నాకింది.

ఒక్కచోట పెద్ద రోడ్డు దాటాలి.
లారీ మీద లారీ, గాలి మొహాన్ని చరుస్తుంది.
నేను అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాను,
"పద," అన్నది ఆయనే.

సొరంగంలో దీపాలు వెలగడం లేదు.
నా హెడ్‌లైటు రెండుసార్లు మిణికి ఊరుకుంది.
కొండ కడుపులో నేను నేర్చుకున్నవేవీ
పనికి రాలేదు.
"కాస్త కుడికి. ఎడమ గోడ దగ్గరవుతోంది.
చుక్కలు పడేచోట నేల జారుతుంది, బ్రేకు ముట్టుకోకు."
సీట్లు మార్చుకోలేదు,
వెనకనుంచే ఆయన ముందుకొచ్చాడు.

వెలుతురులోకి వచ్చి ఇంకా కళ్లు చికిలిస్తున్నాను,
"ఆపు."
ఏముంది ఇక్కడ? ముళ్లపొదలు, రేగు రంగు నేల.
హెడ్లీ కాలు దింపాడు,
సరిగ్గా ఒక రాతి అంచు మీద.
గడ్డి కింద ప్లాట్‌ఫారం
తన బరువుని గుర్తుపట్టినట్టు కదలకుండా ఉంది.
"పదీ నలభై బండి. ఒక్క నిమిషం హాల్టు.
పాల డబ్బాలు ఎక్కాలి."

నిలబడ్డాం.
ఎవరూ ఎక్కలేదు, ఎవరూ దిగలేదు.
చిన్న సైకిలు మీద ఒక పిల్లాడు
బెల్లు మోగించుకుంటూ దాటిపోయాడు.
హెడ్లీ గాజు తీసేసిన గడియారాన్ని
బొటనవేలితో తడిమాడు.
"ఎంత లేటు?" అన్నాను, నవ్వుతూనే.
"అరవై ఏళ్లు. ఆపైన నాలుగు నిమిషాలు."
నవ్వలేదు. పెడలు వెతుక్కున్నాడు.

తర్వాత ఏడు మైళ్లు
నా మేజోడులో ఒక ముల్లు.
ఆగి తీసుకోవచ్చు.
ఈ లైను మీద తర్వాతి స్టేషను ఎక్కడుందో
నాకు తెలీదు.