నీరా, గుజ్జా?

గుణుపూర్ సంతలో చింతపండు తూచేదాన్ని.
ఇరవై ఏళ్లుగా కాటా ముల్లు మీదే నా చూపు.
తడిపి తెచ్చిన బస్తా
చెయ్యి పెడితేనే తెలిసిపోద్ది.

పొడి డబ్బాలమ్మే సుదాము నిన్నొచ్చాడు.
వారంలో నాలుగు కిలోలట, అన్నం మానాలట.
ముందూ వెనకా ఫోటోలు చూపాడు:
రెండింట్లోనూ అదే చీర, వెలుతురే వేరు.

మా ఆడపడుచు సంజుక్త
అప్పుడే కొంగుముడి విప్పబోయింది.

"నీరా, గుజ్జా?" అన్నాను.
"ఏటి?"
"పోయింది నీరా, గుజ్జా?
ఎండలో పెడితే నా బస్తా కూడా తగ్గుద్ది,
రాత్రి మంచు తాగి మళ్లీ బరువెక్కుద్ది.
ఆర్నెల్ల తర్వాతి ఫోటో ఉందా?"

వాడు డబ్బా మూత బిగించాడు.

సంజుక్త మాత్రం నాతో మాట్లాడలేదు.
మధ్యాహ్నం పఖాళలోకి ఉల్లిపాయ కొరుక్కుంటూ
కాటా ఎక్కింది, దిగింది,
మళ్లీ ఎక్కింది.