ఎడమ కాలి చెప్పు

ఆక్లండ్‌కి పడమట, ఇసుక నల్లగా ఉండే చోట
చర్చి వదలగానే
సలోటే వ్యాను వెనక తలుపు పైకి లేస్తుంది.
ఆదివారం పని చెయ్యకూడదంటారు టోంగా వాళ్లలో.
ఇది పని కాదంటుంది ఆమె.

లోపల పదకొండు లైఫ్ జాకెట్లు,
ఒక్కోదానిది ఒక్కో వాసన:
ఎర చేప, ఎవరిదో చెమట, ఎండిన ఉప్పు.
అద్దె లేదు, సంతకం అక్కర్లేదు.
ఎడమ కాలి చెప్పు ఈ డబ్బాలో పెట్టు, జాకెట్ తీసుకెళ్లు.
జాకెట్ తెచ్చివ్వు, చెప్పు తీసుకెళ్లు.

గేలాలు భుజానేసుకుని రాళ్ల మీదికి పోయేవాళ్లు నవ్వుతారు.
"ఒంటి చెప్పుతో ఎలా నడవను, అమ్మా?"
"మెల్లగా."

ముప్పై ఒక్క ఏళ్లు సిటీ బస్సు నడిపిన మనిషి,
ఎవరెక్కడ దిగాలో చెప్పకపోతే ఆమెకి నిద్రపట్టదు.
"ముందు పది నిమిషాలు ఊరికే నిలబడి చూడు.
రాయి తడిగా ఉందంటే అల అక్కడిదాకా వచ్చి వెళ్లిందని.
మళ్లీ వస్తుందని.
సముద్రానికి వీపు చూపించకు, దానికి పెద్దరికం ఎక్కువ.
అదుగో, నురగ లేకుండా నున్నగా
దారి విడిచినట్టు కనబడుతున్నాయే నీళ్లు,
అది దారి కాదు. లోపలికి పోయే బస్సు.
పొరపాటున ఎక్కావా, డ్రైవరుతో పోట్లాడకు.
వెల్లకిలా తేలు. చెయ్యెత్తు.
అదీ ఎక్కడో ఒకచోట ఆగుతుంది.
అప్పుడు పక్కకి దిగు."

ఏటికి ఎదురీదిన వాళ్లని ఎంత పొగిడామో!
పక్కకి ఈది బతికొచ్చినవాడికి
నాకు తెలిసి ఒక సామెత కూడా లేదు.

చెప్పే ఎందుకని ఒక కుర్రాడు అడిగితే
వినబడనట్టు బకిళ్లు సరిచూసింది.

ఆమె తమ్ముడు సెమీసి పద్ధతైన మనిషి.
ఆ సాయంత్రం పెద్ద రాయి మీద
అతని చెప్పులు జతగా, మడమలు కలిపి,
గుమ్మం ముందు విడిచినట్టే ఉన్నాయి.
లోపలికెళ్లినవాడు ఇప్పుడే వస్తాడన్నట్టు.
నాలుగు రోజులు ఎవరూ వాటిని కదపలేదు.
ఇప్పటికీ ఆమె ఇంట్లో చెప్పులు జతగా ఉండకూడదు.
ఒకటి ఇటు, ఒకటి అటు తన్నేసి రావాలి,
పాదిరిగారైనా సరే.

చలి మొదలైన ఈ ఆదివారం
డబ్బాలో ఒక చెప్పు మిగిలింది.
నీలం పట్టీ, మడమ దగ్గర సిమెంటు మరక.
పరంజాలు కట్టే రోడెల్‌ది.
నాలుగున్నరకల్లా వస్తానన్నాడు.
ఐదు.
ఐదుం పావు.
ఫోన్ చేసింది. ఏ రాయి, ఏ రంగు జాకెట్, ఎంతసేపు,
స్టాపు పేరు పలికినట్టు తడబడకుండా చెప్పింది.
రబ్బరు పడవ అలల మీద ఎగిరి వెళ్లింది.
చెప్పుని ఒళ్లో పెట్టుకుని అందులో ఇసుక దులిపింది.
ఇసుక అయిపోయాక కూడా దులిపింది.

ఆరింటికి, ఎవరూ చూడని వైపు నుంచి,
గడ్డి దిబ్బల మీదుగా ఒక నీడ.
రెండు కాళ్లకీ ఏమీ లేదు.
జాకెట్ ఒంటిమీదే ఉంది, బకిల్ పెట్టే ఉంది.
పళ్లు కొట్టుకుంటుంటే మాట ముక్కలుగా వచ్చింది:
కిలోమీటరున్నర అవతల ఒడ్డెక్కాడట.
"మొదట కాసేపు పోట్లాడాను.
తర్వాత మీ బస్సు గుర్తొచ్చింది."

పడవని వెనక్కి రమ్మని చెప్పింది. దుప్పటి కప్పింది.
థర్మాస్‌లో టీ సగం కప్పులోకి, సగం నేలమీదికి పోసింది.
"నా చెప్పు," అని అతను చెయ్యి చాచాడు.
"ముందు జాకెట్."

బకిల్ విప్పడానికి అతని వేళ్లు వంగలేదు.
ఆమె వేళ్లూ వంగలేదు.
ఇద్దరూ చాలాసేపు తంటాలు పడ్డారు.

కుడిది సముద్రానికి పోయింది.
ఎడమది వేసుకుని రోడెల్ ఇంటికెళ్లాడు.
ఆమె పదకొండు లెక్కపెట్టి తలుపు దించింది.
మళ్లీ ఎత్తి,
మళ్లీ లెక్కపెట్టింది.