కందెన గుంట

రెండు రెక్కల్లో ఒకటే మిగిలింది.
రెండోది ఏ కరువులో
ఎవరి పొయ్యిలోకి పోయిందో
హుసేనప్ప చెప్పడు. నవ్వుతాడు.
"టేకు గదా సార్, బాగా మండింటాది."

కర్నూలు పాతబస్తీలో, తుంగభద్ర వైపు
కోట అరిగి అరిగి
ఒక కమాను, ఒకటిన్నర బురుజు,
ఒక కావలివాడు అయింది.

ఏనుగు కుంభస్థలం ఎత్తున
ఇనుప ముళ్లు, వరసకు పదకొండు.
ఏ ఏనుగూ వచ్చిన గుర్తు లేదు.
ఒక ముల్లుకు హుసేనప్ప టిఫిన్ క్యారియరు,
ఇంకోదానికి చొక్కా,
పైవరసలో పిచ్చుక తెచ్చిన పీచు.

లోపలికి రాగానే దారి ఎడమకు విరుగుతుంది.
దూకుడుగా వచ్చినవాడు
గోడను గుద్దుకోవాలని కట్టినోళ్ల లెక్క.
ఇన్నాళ్లకు గుద్దుకుంటున్నది
పెరుగు క్యాన్ల మోపెడ్ మీద మాబాషా ఒక్కడే.

తలపైన ఫారసీలో నాలుగు వరసలు,
నాకు చదవరాదు.
వాటి కిందే తోక ఎత్తిన
జానెడు హనుమంతుడు.
ఇద్దరి మీదా ఒకటే సున్నం.

కొలతలు రాసుకుపోదామని వచ్చాను నేను.
గడప వెడల్పు, కమాను ఎత్తు, రాయి రకం.
హుసేనప్ప గొంతుక్కూచుని
తలుపు మొదట్లో రాతి గుంట చూపించాడు,
పిడికిలి పట్టేంత, గాజులా నున్నగా.
"ఈడ పోసేది ఆముదం.
పైన యా రాజన్నా ఉండనీ, యా నవాబన్నా ఉండనీ,
మా తాతలు పోసింది ఆముదమే."

బండి ఇరుసులకు కందెన పూసి
ఏరు దాటించిన ఊరంట ఇది.
కందనవోలు.
పగవాణ్ణి ఆపే తలుపుక్కూడా
నూనె కావాల్సిందే మరి.

రెండువేల తొమ్మిది, అక్టోబరు.
నీళ్లొచ్చిన రాత్రి
మూయడానికి పోయాడట.
"ఎందుకు పోతినో తెలీదు సార్.
తలుపుండాది గదా అని."
ఉన్నది ఒంటి రెక్క.
భుజం ఆనించి తోశాడు. తిరిగింది.
తన సగం తాను మూసింది.
లేని సగంలోంచి ఏరు
గోడను గుద్దుకోకుండా ఎడమకు మళ్లి
ఎన్నోసార్లు వచ్చిపోయినదానిలా
ఊళ్లోకి నడిచింది.

ఆ బురద గీత ఇంకా ఉంది,
ఫారసీ మూడో వరస దగ్గర.
నీళ్లు తీశాక హుసేనప్ప
ఇంటికి పోకముందే
గుంటలో వండు గరిటెతో తోడి
ఆముదం పోశాడు.
ఇంట్లో ఏం మిగిలిందో నేనడగలేదు.

రిజిస్టరులో రాసుకున్నాను:
గుంట, లోతు నాలుగంగుళాలు.
లేస్తూ లేస్తూ ఆసరాకు
తలుపు మీద చెయ్యి వేశాను.
అంత బరువూ
చప్పుడు లేకుండా కదిలింది.