వృత్తి: సేద్యం

సాయంత్రం ఆరూ పదికి జాబితా వచ్చింది.
నా నంబరుకి ముందుది ఉంది, వెనకది ఉంది.
మధ్యలో ఫోను గాజు మీద నా వేలిముద్ర.
రెండుసార్లు పైకీ కిందికీ తోశాను.
మూడోసారి నజ్మా ఫోనులో చూశాను,
అందులో ఏమైనా దయ ఉంటుందేమోనని.

కోయంబత్తూరులో ఫెలోషిప్పు, ఒకటో తారీకు నుంచి.
ఊపిరితిత్తుల్లోకి గొట్టం దింపి
చీకట్లో దారి వెతకడం నేర్పుతారక్కడ.
హాస్టలుకి అడ్వాన్సు కట్టేశాను.
అక్కడి మేడం ఫోనులో చాలా మెత్తగా మాట్లాడింది,
మత్తు సూది ఇచ్చాక కోసినట్టు.
సీటు ఆపడం కుదరదంది.
టికెట్టు రద్దు చేస్తే రైల్వేవాళ్లు
నూట ఇరవై రూపాయలు పట్టుకుని
మిగతాది మర్యాదగా తిప్పి పంపారు.
ఇంకెవరూ అంత తక్కువతో వదల్లేదు.
మేనమామ ముందే దిబ్బల రోడ్డులో ఫ్లెక్సీ కొట్టించాడు.
ఇప్పుడది తిరగేసి స్కూటరు మీద కప్పుతున్నాడు.
వాన పడినా నా పేరు లోపలివైపు
తడవకుండా ఉంటుంది.

ఎలా పోయిందో నాకు తెలుసు.
పేపర్లు కాదు, రాతలో గట్టిదాన్నే.
దూరపు ఊళ్లో ఆసుపత్రి, పదహారో నంబరు మంచం.
ముసలాయన దగ్గు నాకు అర్థమైంది,
మాట కన్నడం.
ఒక నర్సు అటూ ఇటూ మాటలు మోసింది.
ఏం పని తాతా అంటే సేద్యం అన్నాడట.
రాసుకున్నాను. వృత్తి: సేద్యం.
కింద గీత కూడా గీశాను.

ఎగ్జామినరు ఎక్స్‌రేని వెలుగులో తగిలించి
"సేద్యానికి ముందు?" అన్నాడు.
ఒక్క మాటే.
తల దించాను.
కాళ్ల కింద పరిచిన రాయి మా చీమకుర్తిది.
నలుపులో మెరిసే చుక్కలు, ఏ దేశంలో చూసినా పోల్చుకుంటాను.
తలెత్తితే ఫిల్ములోనూ అదే రాయి.
నల్లటి ఊపిరి నిండా తెల్లటి పలుకులు.
ఇరవై రెండేళ్లు బండ కొట్టినవాడి రొమ్ము.
ఒంగోలు పిల్లని.
క్వారీ లారీల దుమ్ము తుడుచుకుంటూ బడికెళ్లినదాన్ని.
అడగలేదు.

అమ్మ రెండ్రోజులు నాతో మెల్లగా మాట్లాడింది,
ఇంట్లో ఎవరో నిద్రపోతున్నట్టు.
మూడోరోజు గొంతు మామూలైంది. చాట చేతికిచ్చి
బియ్యంలో రాళ్లేరమంది.
ఏరాను.

సోమవారం డ్యూటీ.
పాసైనవాళ్లకీ కానివాళ్లకీ ఓపీలో కుర్చీ ఒకటే,
దాని చక్రం ఒకటి ఊగుతుంది.

మాలకొండయ్య వచ్చాడు, చీమకుర్తి నుంచి, మొదటి బస్సుకి.
ఊదే పరీక్ష.
సలోమి గొట్టం నోట్లో పెట్టించి
ఊదు ఊదు ఊదు ఇంకా ఇంకా అని కేకలేస్తుంది,
పరుగుపందెంలో సొంత కొడుకున్నట్టు.
మొదటిసారి గీత లేవనే లేదు.
రెండోసారి దగ్గులో విరిగింది.
"అయిపోయిందా తల్లీ? పోయినట్టేనా?"
"మూడుసార్లు ఊదాల పెద్దాయనా. మూడింట్లో మంచిదే లెక్క."
ఆయన నావైపు చూశాడు.
"మీ చదువుల్లో గూడా ఇట్నే పెడతారామ్మా?"
సలోమి తల తిప్పుకుంది. ఆసుపత్రంతా తెలుసు.
"పెడతారు" అన్నాను, "ఆర్నెల్లకోసారి."
"మరింకేం" అని గొట్టం అందుకున్నాడు.

మూడోదీ అంత బాగా రాలేదు.
రెండోదానికన్నా వేలెడు పైకి.
అదే రాశాం.

పాత చీటీ మీద ఎవరి చేతిరాతో.
వృత్తి: కూలి.
ఊగే కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.
ఏం కూలి? ఎన్నేళ్లు? మిషనా, ఉలా?
కోసేటప్పుడు నీళ్లు కొట్టేవాళ్లా?
మూతికి ఏం కట్టుకునేవాడివి?
"మా ఆడమనిషి పాత కోక చెంగు" అన్నాడు.
"ఎర్రదే. సాయంత్రానికి తెల్లకోకయ్యేది."
నవ్వబోయాడు, దగ్గు అడ్డమొచ్చింది.
బయట వరస పెరుగుతోంది, సలోమి గడియారం చూస్తోంది.

"అంతకు ముందు?" అన్నాను.
"అంతకు ముందంటే..." అని
ఊపిరి కూడదీసుకుంటున్నాడు.

కానీ. నాకేం తొందర లేదు,
డిసెంబరు దాకా.