దీపాలకు టోపీలు

చిలీ ఉత్తరపు కొసన, వాన తెలియని రేవు పట్టణం మాది.
ఇరవై రెండేళ్లుగా నిచ్చెన బండి ఎక్కి
దీనికి వెలుతురు బిగిస్తున్నాను.
పేరు ఎవారిస్తో. మునిసిపాలిటీ జీతం, మూడో గ్రేడు.

మొదట పాదరసం దీపాలు పెట్టాను,
అవి పీకి పసుపు సోడియం,
అవీ పీకి తెల్లటి ఎల్‌ఈడీలు.
రిబ్బను కత్తిరించిన రాత్రి మేయరమ్మ
ఊరు పట్టపగలైందని చప్పట్లు కొట్టింది.
నేనూ కొట్టాను. అబద్ధమెందుకు.

ఆ ఏడే పిట్టలు రాలడం ఎక్కువైంది.
ఎడారి ఉప్పునేల బొరియల్లో పుట్టి
ఒక్కసారైనా సముద్రం చూడని పిల్లలు
మొట్టమొదటి రాత్రి రెక్క విప్పి
నీటి మీది మెరుపు వెతుక్కుంటూ వస్తాయి.
మధ్యలో మా ఊరు,
సముద్రం కన్నా ఎక్కువ మెరిసే ఊరు.

బస్టాండు వెనక, బంతి మైదానంలో,
పెట్రోలు బంకు నూనె మరకల మీద
గుప్పెడంత నలుపు,
మాడిన రొట్టెముక్కల్లా పడి ఉండేవి.
నేల మీంచి లేవడం వాటికి చేతకాదు.
మా రెండోది ఆయ్లిన్ బూట్ల పెట్టెకు బెజ్జాలు పొడిచి
నా బండిలో పెట్టేది.
"నాన్నా, ఇవాళ పదకొండు."
దీపం కింద చీకటి ఉంటుందంటారు.
నా దీపాల కింద పిట్టలుండేవి.

నిబంధన మార్చాలని కౌన్సిల్ కూర్చుంది.
ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్యాను, గరగరలాడే మైకు.
కొండ మీది వేధశాల కుర్రాడు పటాలు చూపించాడు.
బంకు యజమాని ఓయర్సున్ లేచి
"చీకట్లో పెట్రోలు ఎవడు పోయించుకుంటాడు?" అన్నాడు.
కొందరు నవ్వారు, కొందరు అరిచారు.
వెనక వరసలో దోన్యా ఎదెల్మీరా
ఎత్తిన చెయ్యి దించకుండా కూర్చుంది.

"చేపల కార్ఖానాలో రాత్రి షిఫ్టు దిగి
ఉప్పుకొట్ల సందులోంచి నడిచేది నేను.
అక్కడ నా చేతిసంచీ పోయింది, రెండు పళ్లు పోయాయి.
పిట్టల మీద నాకు కోపం లేదు.
నా గురించి కూడా ఆ కాగితంలో ఒక ముక్క రాయండి."

ఫ్యాను ఒక్కటే తిరిగింది.
మైకు పట్టుకోవడం నాకు రాదు.
జేబులో స్క్రూడ్రైవరు పట్టుకుని లేచాను.
"అమ్మా, ఆ స్తంభం నేను పాతిందే.
దాని వెలుతురు సగం ఆకాశానికి పోతోంది,
ఇంకొంత ఎదురు మేడ కిటికీకి.
మిగిలింది మీ కళ్లలో కొట్టి
గోడవార నక్కినవాణ్ణి దాచింది.
ఒక టోపీ పెడతాను, తెలుపు తగ్గిస్తాను.
అడుగు పడే చోట పడుతుంది."
నమ్మిందో లేదో.
"చూస్తాను" అంది.

తీర్మానం నాలుగు పేజీలు.
దీపం రంగు తేనె దాటకూడదు,
మూత లేని దీపం ఉండకూడదు,
పదకొండు దాటితే దుకాణం బోర్డులు ఆర్పాలి,
పిల్లలు ఎగిరే నెలల్లో మైదానానికి చీకటి.
చివరి పేజీ అడుగున చేతిరాతతో:
ఉప్పుకొట్ల సందు దీపం తెల్లవార్లూ వెలగాలి,
కిందికి చూస్తూ.

ఇప్పుడు టోపీలు పెడుతున్నాను.
రోజుకు పద్నాలుగు, మొత్తం పదహారు వందలు.
నిన్న రేవు రోడ్డు చివర మర బిగించి
నడుం పట్టేసి తలెత్తాను.
మా అమ్మ వేలు పెట్టి చూపించిన చోటే ఉంది పాలపుంత.
ఎటో పోయిందనుకున్నాను ఇన్నేళ్లూ.
దాని ముందు నిలబడిందే నేను.

ఓయర్సున్ జరిమానా కడుతూనే వెలుగుతున్నాడు.
మొన్న అక్కడ ఒకటి పడింది.
ఆయ్లిన్ కిప్పుడు పెద్ద బూట్లు, పెద్ద పెట్టె.
రాత్రి గట్టు మీద ఇద్దరం మూత తీశాం.
చాలాసేపు కదల్లేదది.
తర్వాత మాకు కనపడని మెరుపేదో
దానికి కనబడ్డట్టుంది.

తిరిగొస్తుంటే షిఫ్టు దిగిన ఎదెల్మీరా ఎదురైంది.
పలకరింపు లేదు.
"నీ టోపీ కాస్త వంకర.
మలుపు దగ్గర మెట్టు కనపడట్లేదు" అంది.

బండి వెనక్కి తిప్పాను.